అందెల చప్పుడు ఆగినప్పుడు

ఓరుగల్లు కోట 1323లో ఢిల్లీ సైన్యాల చేతుల్లో పడ్డాక కాకతీయ రాచబిడ్డ ఒకడు గోదావరి దాటి అడవుల్లోకి నడిచాడని బస్తర్ రాజవంశం తన కథ చెప్పుకుంటుంది. ఆయన అన్నమదేవుడు, ప్రతాపరుద్రుడి తమ్ముడు. ఇలవేల్పు దంతేశ్వరి ఆయనకు ఒక మాట ఇచ్చింది: ముందు నువ్వు నడువు, వెనకాలే నేను వస్తాను, నడిచినంత మేరా నీ రాజ్యం, కాకపోతే వెనక్కి తిరిగి చూడకు. అమ్మ వస్తోందనడానికి ఆయనకున్న గుర్తు అందెల చప్పుడొక్కటే. శంఖిని, డంకిని నదులు కలిసే చోట అమ్మ పాదాలు ఇసకలో దిగబడ్డాయి. చప్పుడు ఆగింది. ఆయన తిరిగి చూశాడు. అమ్మ అక్కడే నిలిచిపోయింది. దంతెవాడ గుడి వెలిసింది అక్కడేనంటారు.

ఈ కథ చెప్పేవాళ్లు మామూలుగా రాజు తొందరపాటును తప్పు పడతారు. ఇంకాస్త ఓర్చుకుంటే రాజ్యం ఇంకెంత దూరం సాగేదో అంటారు. మరి చప్పుడు ఆగిపోయినా పట్టించుకోకుండా నడిచిపోయే మనిషిని ఏమనాలి? వెనకున్న మనిషి ఇసకలో కూరుకుపోతుంటే మాట నిలబెట్టుకోవడం ధర్మమా, తిరిగి చూడటం ధర్మమా?

గుళ్లో అడగాల్సిన ఈ ప్రశ్నే ఇవాళ ఆటస్థలంలోనూ అడగాల్సి వస్తోంది. ఆడపిల్లల క్రీడల్లో, అందులోనూ సైకిల్ పందేల్లో, మొదటి పాఠం ‘వెనక్కి చూడకు’ అన్నదే. నొప్పిని ఓర్చుకో, ఆకలిని ఓర్చుకో, ఏడుపు మింగేయ్, తొక్కు. ఆ ఓర్పుకు మన భాషలో గొప్ప పేరే ఉంది: తపస్సు. ఏ కష్టం తపస్సు అవుతుంది, ఏది హింస అవుతుంది అన్నది మన శాస్త్రాలు ఎన్నోసార్లు తరచి చూసిన ప్రశ్న. తెలుగు నేల నుంచి నడిచి వెళ్లిన దేవత నిలిచిన బస్తర్‌లో దానికి పుస్తకాల్లో దొరకని జవాబులు కొన్ని ఉన్నాయి.

*

బస్తర్‌లో ఆడపిల్లకు సైకిల్ మొదట బడి దారి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2004లో సరస్వతి సైకిల్ యోజన మొదలుపెట్టి, తొమ్మిదో తరగతిలో చేరే పేదింటి ఆడపిల్లలకు ఉచితంగా సైకిళ్లు ఇవ్వసాగింది. రెండేళ్ల తర్వాత బిహార్ ఇలాంటి పథకమే పెట్టింది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. హైస్కూల్లో చేరే వయసున్న ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయి, మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య తేడా 40 శాతం తగ్గింది. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు చదువుతోపాటు సైకిల్ కూడా నేర్పారు. రాళ్లు కొట్టే ఆడవాళ్లు, పొలం కూలికి వెళ్లే ఆడవాళ్లు వేల సంఖ్యలో రోడ్ల మీదికి వచ్చారు.

సైకిల్ ఎక్కిన ఆడమనిషిని చూసి లోకం ప్రతిచోటా ముందు భయపడింది. 1890ల్లో ఐరోపాలోనూ అమెరికాలోనూ కొందరు వైద్యులు ‘సైకిల్ ముఖం’ అనే జబ్బునే కల్పించారు. ఎక్కువ తొక్కితే ఆడవాళ్ల మొహం బిగుసుకుపోయి, కళ్లు బయటికొచ్చి అందం పోతుందని పత్రికల్లో రాశారు. ఒలింపిక్స్‌లో మగవాళ్ల సైకిల్ పందేలు 1896 నుంచీ ఉన్నాయి. ఆడవాళ్ల రోడ్డు పందెం 1984లో లాస్ ఏంజిలిస్‌లోగానీ రాలేదు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో మొదలైన మహిళల టూర్ కొన్నేళ్లకే ఆగిపోయి, ఇప్పటి రూపంలో 2022లో మళ్లీ ప్రాణం పోసుకుంది. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య అగ్రశ్రేణి మహిళా జట్లకు కనీస వేతనం, ప్రసూతి సెలవు తప్పనిసరి చేసింది 2020లో.

అంటే నూటపాతికేళ్లు ‘ఆడదాని ఒళ్లు దీనికి ఓర్వదు’ అన్నారు. ఓర్చుకుంటుందని రుజువయ్యాక ‘ఎంతైనా ఓర్చుకుంటుంది’ అనడం మొదలుపెట్టారు. మొదటి మాట అబద్ధమని తేలింది. రెండో మాట అంతకంటే ప్రమాదకరమైనది. మొదటిది ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది, రెండోది ఆమె ఒంటిని లోపలినుంచి తినేస్తుంది.

*

ఎత్తెక్కే రోడ్డు మీద సైకిల్ పందెం చాలావరకు ఒక లెక్క మీద నడుస్తుంది. కాళ్లు ఎన్ని వాట్ల శక్తి ఇస్తున్నాయి, దాన్ని ఒంటి బరువుతో భాగిస్తే కిలోకి ఎన్ని వాట్లు వస్తాయి అన్నదే ఆ లెక్క. శక్తి పెంచుకోవడానికి ఏళ్లు పడుతుంది. బరువు తగ్గడానికి వారాలు చాలు. దగ్గరి దారి కనిపిస్తే మనిషి ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు. అమ్మాయి అన్నం తగ్గిస్తుంది. మొదట నిజంగానే వేగం పెరుగుతుంది. కోచ్ మెచ్చుకుంటాడు. ఆమె ఇంకొంచెం తగ్గిస్తుంది.

అప్పుడు ఒళ్లు తన పని తాను చేస్తుంది. తినేదానికంటే ఖర్చయ్యేది ఎక్కువని గ్రహించిన మెదడు, బతకడానికి అత్యవసరం కాని పనుల్ని ఒక్కొక్కటిగా ఆపేస్తుంది. అండాశయాలకు వెళ్లాల్సిన సంకేతాలు సన్నగిల్లుతాయి. ఈస్ట్రోజెన్ పడిపోతుంది. నెలసరి తప్పుతుంది. ఈస్ట్రోజెన్ లేని ఎముక గుల్లబారుతుంది. పరుగెత్తే అమ్మాయికి నేల తగిలే దెబ్బతోనైనా ఎముకకు కొంత బలం వస్తుంది. సీటు మీద కూర్చుని తొక్కే సైకిలిస్టుకు ఆ దెబ్బ కూడా దక్కదు. పాతికేళ్ల అమ్మాయికి ముసలితనపు ఎముకలు వచ్చే దారి ఇదే. 1990ల్లో వైద్యులు దీన్ని మూడు లక్షణాల జబ్బుగా గుర్తించారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీని పరిధి విస్తరించి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. శక్తి చాలకపోతే గుండె, రోగనిరోధక శక్తి, మనసు, అన్నీ దెబ్బతింటాయని, మగ క్రీడాకారులకూ ఇది వస్తుందని చెప్పింది. 2023లో ఆ పత్రాన్ని మరింత వివరంగా సవరించింది.

మూడు నెలలుగా బయట చేరకపోతే అది అందెల చప్పుడు ఆగినట్టే. ముందు నడుస్తున్నవాళ్లు తిరిగి చూడాల్సింది అప్పుడే. చాలా శిక్షణ శిబిరాల్లో జరుగుతూ వచ్చింది దీనికి తలకిందులు. నెలసరి ఆగితే శిక్షణ బాగా సాగుతున్నట్టని, పీడ వదిలిందని సంబరపడ్డవాళ్లున్నారు.

*

కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో ఇదే సన్నివేశం ఉంది. శివుడి కోసం పార్వతి తపస్సు చేస్తోంది. ఎండలో నాలుగు మంటల మధ్య కూర్చుంది, చలిలో నీళ్లలో నిలబడింది, రాలిన ఆకులు తినడం కూడా మానేసి అపర్ణ అనిపించుకుంది. అప్పుడు శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చాడు. మొదట అడిగినవి కుశల ప్రశ్నలు. సమిధలు దొరుకుతున్నాయా, స్నానానికి నీళ్లున్నాయా అని అడిగి, ఆ వెంటనే అసలు సంగతి ఎత్తాడు: నీ ఒంట్లో శక్తి ఎంతుందో చూసుకునే చేస్తున్నావా ఈ తపస్సు? ధర్మం ఆచరించడానికి మొట్టమొదటి సాధనం శరీరమేనని ఆయన ఆమెకు గుర్తుచేశాడు.

ఎవరికోసం ఆ పిల్ల ఒళ్లు కాల్చుకుంటోందో ఆ దేవుడే వచ్చి ఒళ్లు జాగ్రత్త అంటున్నాడు. పతకాన్ని దేవుడిగా భావించి పూజించే క్రీడాలోకంలో పతకం తనంతట తాను వచ్చి ఆ మాట అనదు. అందుకే ఎవరో ఒకరు బ్రహ్మచారి వేషం కట్టాలి.

భగవద్గీత పదిహేడో అధ్యాయం ఇంకా కటువుగా మాట్లాడుతుంది. దంభంతో, అహంకారంతో, శాస్త్రం చెప్పని ఘోర తపస్సులు చేసి ఒంటిని హింసించేవాళ్లు ఆ ఒంట్లో ఉన్న తననే హింసిస్తున్నారని కృష్ణుడు చెబుతాడు, ఆ నిశ్చయాన్ని అసుర నిశ్చయమంటాడు. సిద్ధార్థుడు ఆరేళ్లు ఎముకల గూడుగా మారేదాకా తిండి మాని, చివరికి సుజాత పెట్టిన పాయసం తిన్నాడు. ఆ కథలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆయన తిన్నాడని చూసి, అప్పటిదాకా వెంట ఉన్న ఐదుగురు తోటి తాపసులు, ఇతను చెడిపోయాడని వదిలేసి వెళ్లిపోయారు. శిక్షణ శిబిరం భోజనాల బల్ల దగ్గర రెండో చపాతీ అడిగిన అమ్మాయిని చుట్టూ ఉన్నవాళ్లు చూసే చూపు అదే. ఆకలి కంటే ఆ చూపు ఎక్కువ కోస్తుంది.

అయినా ఈ శాస్త్రాలేవీ కష్టం వద్దని చెప్పలేదు. పార్వతి తపస్సు ఆపలేదు, ఆమె కోరిందే నెరవేరింది. పందెం గెలవాలనుకునే అమ్మాయి దగ్గర కూడా ‘ఒళ్లు జాగ్రత్త, మానెయ్’ అంటే అది మళ్లీ పాతకాలపు మాటే అవుతుంది.

2025 మహిళల టూర్ ద ఫ్రాన్స్ ఈ చిక్కును ప్రపంచం ముందు పెట్టింది. గెలిచిన పొలీన్ ఫెరాన్-ప్రెవో ఆ పందెం కోసం దాదాపు 4 కిలోలు తగ్గానని దాచకుండా చెప్పింది. పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో చేశానని, ఎప్పుడూ ఇలా ఉండటం ఆరోగ్యం కాదని తానే ఒప్పుకుంది. రెండో స్థానంలో నిలిచిన డెమి వొలెరింగ్, సన్నబడటం కోసం తన ఒంటిని అంత దూరం తీసుకెళ్లనని చెప్పింది. వీళ్లలో ఎవరిది ధర్మం? ముప్పై దాటిన, ఒలింపిక్ స్వర్ణం మెడలో ఉన్న, చుట్టూ వైద్యులున్న మనిషి తెలిసి ఎంచుకున్న కొన్ని నెలల కష్టాన్ని తపస్సు అనవచ్చు. టీవీలో ఆమెను చూసి పక్క ఊరి పదిహేనేళ్ల పిల్ల, వైద్యుడు లేకుండా, ఎవరికీ చెప్పకుండా అన్నం మానేస్తే అది తపస్సు కాదు. చేసే పని ఒక్కటే అయినా రెండోచోట ఆమెను అడిగినవాళ్లు లేరు, ఆపగలిగినవాళ్లూ లేరు.

*

బస్తర్ పిల్ల కంచం దగ్గరికి వస్తే లెక్క ఇంకా మారుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 60.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నాలుగో విడతలో అది 47 శాతం. కండరానికి ప్రాణవాయువు మోసుకెళ్లేది రక్తంలోని హిమోగ్లోబినే. అది తక్కువున్న పిల్ల పందెంలో వెనకబడితే ‘దమ్ము లేదు’ అంటారు. ఆమెకు కావాల్సింది ఇనుము, పప్పు, ఆకుకూర, గుడ్డు. ఈ అడవి పల్లెల్లో సికిల్ సెల్ జబ్బూ ఉంది. దాన్ని దేశంలో లేకుండా చేసే జాతీయ కార్యక్రమం 2023 జులై 1న పొరుగున మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో మొదలైంది. ఆ జబ్బున్న పిల్ల మే నెల ఎండలో నీళ్లు తాగకుండా ఒళ్లు విరిగేలా శ్రమపడితే భరించలేని నొప్పులు మొదలవుతాయి. ఇలాంటిచోట శిక్షణ మొదటి రోజు చేతికి ఇవ్వాల్సింది రక్తపరీక్ష చీటీ, ఆ తర్వాతే సైకిల్.

ఇన్ని సంగతులు నోరు తెరిచి మాట్లాడుకోవడానికే అడ్డం ఒకటుంది. బస్తర్‌ను ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో మాడియా గోండు ఊళ్ల అంచున ‘కుర్మా ఘర్’ అనే పాకలుంటాయి. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు అక్కడే ఉండాలి. తెలుగు ఇళ్లలో పాక లేకపోయినా ‘దూరం’ అన్న మాట ఉంది, పేరు పెట్టి పిలవని ఆ మూడు రోజులున్నాయి. వచ్చినప్పుడే చెప్పకూడని సంగతి, రానప్పుడు ఎవరికి చెప్పాలి? కోచ్ మగవాడైతే మరీను. అంటు అన్న భావం అమ్మాయిని దేవుడి గదికి దూరం చేయడంతో ఆగలేదు, తన ఒంటి కబురు తానే చెప్పుకోలేని స్థితికి తెచ్చింది.

సీటు సంగతీ అంతే. గంటల తరబడి కూర్చునే ఆ సన్నటి తోలుముక్క మగవాడి ఎముకల కొలతకు పుట్టింది. ఒరిపిడికి మర్మాంగాల దగ్గర పుండ్లు, వాపులు, చీము. ఎన్నో ఏళ్లు ఆడవాళ్లు పళ్లబిగువున తొక్కారు. రియో ఒలింపిక్స్‌కు ముందు బ్రిటిష్ సైక్లింగ్ వైద్యబృందం తమ అమ్మాయిల్ని కూర్చోబెట్టి మొదటిసారి వివరంగా అడిగింది. దాదాపు అందరిదీ ఒకే బాధ. సీటు ముందు భాగాన్ని కాస్త కిందికి వంచితే ఉపశమనం ఉంటుందని తేలింది. అలా వంచడానికి అప్పటి అంతర్జాతీయ నిబంధన ఒప్పుకోలేదు. 2016లో ఆ నిబంధన సడలి 9 డిగ్రీల దాకా వంచుకునే వీలు కలిగింది. అయినా బాధ అందరికీ తీరలేదు. బ్రిటన్ పారా సైక్లిస్ట్ హన్నా డైన్స్ ఏళ్ల తరబడి ఓర్చుకున్న వాపుకు చివరికి శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చిందని 2019లో బహిరంగంగా రాసింది. తొమ్మిది డిగ్రీల వంపు కోసం అన్నేళ్లు పట్టడానికి కారణం సాంకేతిక కష్టం కాదు. అడిగేవాళ్లు లేకపోవడమే.

*

అడగడం ఎలాగో బస్తర్‌కు తెలుసు. అక్కడి దసరా 75 రోజుల పండగ. ఆరు వందల ఏళ్ల కిందట పురుషోత్తమదేవుడనే రాజు పూరీ జగన్నాథుణ్ణి దర్శించుకుని వచ్చి రథోత్సవం మొదలుపెట్టాడని చెబుతారు. ఊళ్లకు ఊళ్లు కలిసి కర్ర కొట్టి, రథం చేసి, తాళ్లు పట్టి లాగే ఆ పండగ ఒక చిన్నపిల్ల ఒప్పుకుంటేగానీ ముందుకు సాగదు.

ఆశ్వయుజానికి ముందు వచ్చే అమావాస్య సాయంత్రం. జగదల్‌పుర్‌లో భంగారామ్ చౌక్ దగ్గర కాఛన్ గుడి. మిర్గాన్ కులానికి చెందిన పెళ్లికాని చిన్నపిల్ల ఉపవాసం ఉండి వస్తుంది. కాఛన్ దేవి ఆమెను పూనుతుంది. మారేడు ముళ్లతో కట్టిన ఉయ్యాల మీద ఆమెను పడుకోబెట్టి ఊపుతారు. రాజకుటుంబం వాళ్లు, ఊరి పెద్దలు కింద నిలబడి, అమ్మా, దసరా జరుపుకోమంటావా అని అడుగుతారు. ఆమె పువ్వు ఇస్తే అనుమతి వచ్చినట్టు. సమాజం అట్టడుగున ఉంచిన కులంలో పుట్టిన ఆడపిల్ల ముందు రాజు తలవంచి అడగాలన్న ఊహ ఎంత గొప్పది!

అయితే ఆ ఊహను గౌరవించేవాళ్లే ఇంకో ప్రశ్న కూడా అడగాలి. పండగకు అనుమతి ఆమె ఇస్తుంది సరే, ముళ్ల మీద పడుకోవడానికి ఆమెను ఎవరు అడిగారు? పూనకంలో ముళ్లు గుచ్చుకోవని భక్తులు నమ్ముతారు. ఆ నమ్మకాన్ని తేలిగ్గా తీసెయ్యడం తగదు. బంగారు పతకం నొప్పి తెలియనివ్వదని క్రీడాలోకం కూడా అంతే గట్టిగా నమ్ముతుంది. రెండు చోట్లా పిల్ల లోకం కోసం మాట్లాడుతుంది. తన కోసం మాట్లాడే చోటు ఆమెకు వేరే ఉండాలి. దేవతగా ఆమె చెప్పే మాటకు విలువిచ్చిన ఊరు, ఉయ్యాల దిగాక ఆ పిల్ల ‘వచ్చే ఏడు నేను ఎక్కను’ అంటే అదే విలువ ఇవ్వగలిగినప్పుడే ఆ ముళ్లు తపస్సు లెక్కలోకి వస్తాయి.

ఆటల్లోనూ అంతే. 2024 ఆగస్టు 7 ఉదయం పారిస్‌లో మల్లయోధురాలు వినేశ్ ఫొగాట్ 50 కిలోల హద్దు కంటే 100 గ్రాములు ఎక్కువ తూగి ఒలింపిక్ ఫైనల్ పోగొట్టుకుంది. ముందు రాత్రంతా నిద్ర లేకుండా చెమట కార్చి, జుట్టు కత్తిరించుకుని కూడా ఆ వంద గ్రాములు పోలేదు. దేశమంతా ఆ వంద గ్రాముల గురించి ఏడ్చింది. ఆ రాత్రి ఆ ఒళ్లు ఏమంటోందన్నది చాలా తక్కువమంది అడిగారు.

*

శిక్షణలో ఇంకో దేవుడున్నాడు, గురువు. గురువును దేవుడనే సంస్కారం మనది. దాని నీడలో అమ్మాయి తిండి, నిద్ర, ఫోను, సెలక్షన్ అన్నీ ఒకే మనిషి చేతికి వెళ్లిపోతాయి. 2022 జూన్‌లో స్లొవేనియాలో శిక్షణకు వెళ్లిన భారత సైక్లింగ్ బృందంలోని ఒక క్రీడాకారిణి, కోచ్ తనతో అసభ్యంగా ప్రవర్తించాడని భారత క్రీడా ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేసింది. సంస్థ బృందాన్ని వెనక్కి రప్పించింది, కోచ్ ఒప్పందం రద్దయింది. అమ్మాయిలున్న ప్రతి బృందం వెంట మహిళా కోచ్ ఉండాలన్న ఆదేశం ఆ తర్వాతే వచ్చింది. పరాయి దేశంలో, భాష రానిచోట, సెలక్షన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ల మీదే నోరు విప్పడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు.

జగదల్‌పుర్ నుంచి రాయ్‌పుర్ వెళ్లే దారిలో కేశ్‌కాల్ ఘాటు మలుపుల దగ్గర భంగారామ్ మాయి గుడి ఉంది. భాద్రపదంలో అక్కడ జరిగే జాతర లోకంలో మరెక్కడా విన్నది కాదు. అక్కడ దేవుళ్లకు విచారణ జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల దేవతల్ని మోసుకొచ్చి నిలబెడతారు. ఈ దేవుడు పంట కాపాడలేదు, ఆ దేవత జబ్బు ఆపలేదు అని ఊరివాళ్లు ఫిర్యాదు చేస్తారు. తప్పు తేలిన దేవుణ్ణి గుడి వెనక్కి పంపుతారు. తీరు మారితే మళ్లీ గుళ్లోకి వస్తాడు. భక్తికీ నిలదీయడానికీ పొత్తు కుదరదనుకునేవాళ్లు ఈ జాతర చూడాలి. కొలిచేవాళ్లే సాక్ష్యం చెబుతారు, సాక్ష్యం చెప్పాక కూడా కొలుస్తారు. దేవుడే జవాబు చెప్పాలనుకునే నేల మీద, కోచ్‌ను ప్రశ్నిస్తే గురుద్రోహం ఎలా అవుతుంది?

అయితే ఈ జాతరకు ఆడవాళ్లు రాకూడదన్నది పాత కట్టడి. ఎంత గొప్ప న్యాయస్థానమైనా సగం సాక్షుల్ని గడప బయటే ఆపేస్తే అది సగం న్యాయమే. క్రీడా సమాఖ్యల కథా ఇలాగే నడిచింది. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల విచారణకు ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, దాని అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి. పదేళ్ల తర్వాత, ఢిల్లీ జంతర్ మంతర్‌లో మల్లయోధురాళ్లు ఇలాంటి వేధింపుల మీద నిరసనగా రోడ్డు మీద కూర్చున్న 2023లో, ఆ కమిటీలు సరిగా లేవని జాతీయ మానవ హక్కుల సంఘం పదిహేనుకు పైగా సమాఖ్యలకు నోటీసులు పంపాల్సి వచ్చింది.

నోరు విప్పిన తర్వాత ఏమవుతుందన్నదీ బస్తర్ దసరాలోనే ఉంది. కాఛన్ ఉయ్యాల తర్వాత మిర్గాన్ ఆడవాళ్లు గోల్ బజార్‌లో రైలా పూజ చేస్తారు. రైలాదేవి రాజకుటుంబపు ఆడపడుచు. శత్రు సైనికులు ఎత్తుకుపోగా తప్పించుకుని ఇంటికి తిరిగొచ్చింది. పరువు పోతుందని ఇంటివాళ్లు గడప తొక్కనివ్వలేదు. ఆమె నదిలో దూకి చనిపోయిందని, అయినవాళ్లు చేయని కర్మ మిర్గాన్ ఆడవాళ్లు చేశారని, అప్పటినుంచీ ఏటా ఆమెను తలుచుకుంటున్నారని కథ. రాజుకు అనుమతి ఇచ్చే పిల్లదీ, రాజు వెళ్లగొట్టిన ఆడపిల్ల కోసం ఏడ్చే ఆడవాళ్లదీ ఒకే కులం. ఫిర్యాదు చేసిన అమ్మాయి ఊరికి తిరిగొచ్చినప్పుడు ‘ఆటలెందుకు, పెళ్లి చేసెయ్యండి’ అనే ప్రతి ఇంట్లో రైలాదేవి గడప బయటే నిలబడి ఉంది.

*

ఆట ఆడపిల్ల జీవితాన్ని మింగెయ్యకుండా చూడటం ఎలాగో బస్తర్‌లో చేసి చూపించిన మనిషి ఒకరున్నారు. మధ్యప్రదేశ్‌లోని ధార్‌కు చెందిన ధరమ్‌పాల్ సైనీ, వినోబా భావే శిష్యుడు, స్వతహాగా క్రీడాకారుడు. 1976లో బస్తర్ వచ్చి జగదల్‌పుర్ దగ్గర డిమరాపాల్‌లో ఆడపిల్లల కోసం ఆశ్రమ పాఠశాల పెట్టారు. అందరూ ఆయన్ని తావుజీ అంటారు, పెదనాన్న అన్నమాట. అడవి పిల్లలు మైళ్లకు మైళ్లు అలవోకగా నడిచేస్తారని గమనించి, ఆ కాళ్లను మైదానంలోకి తెచ్చారు. ఆశ్రమం పిల్లలు రాష్ట్ర, జాతీయ పోటీల్లో పరుగెత్తారు. ఎందరో ఉద్యోగాల్లో కుదురుకున్నారు. 1992లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చేతికి చిక్కిన జవానును విడిపించడానికి అడవిలోకి వెళ్లిన మధ్యవర్తుల్లో ఆయనా ఉన్నారు. తిండి, చదువు, ఆట ఒకే కప్పు కింద పెట్టడం ఆ ఆశ్రమం ప్రత్యేకత. అక్కడ పరుగు చదువుకు తోడుగా వచ్చింది, చదువుకు బదులుగా రాలేదు. పరుగు ఆగిపోయిన రోజున కూడా ఆ పిల్ల చేతిలో జీవితం మిగిలే ఉంటుంది.

2024 నవంబర్, డిసెంబర్‌లలో ఏడు జిల్లాల నుంచి 1 లక్షా 65 వేల మంది బస్తర్ ఒలింపిక్స్‌లో ఆడారు. దశాబ్దాలపాటు తుపాకుల చప్పుడు తప్ప మరో వార్త రాని ఊళ్ల నుంచి అమ్మాయిలు విల్లు పట్టుకుని, ఈటె పట్టుకుని వచ్చారు. పోటీల గుర్తులైన అడవి దున్న, కొండ గోరింక బొమ్మల కింద పరుగెత్తారు. ఆ పిల్లల్లో కొందరు రేపు పెద్ద శిబిరాలకు వెళతారు. అక్కడ వాళ్లకు తిండి కొలిచి పెడతారు, బరువు తూస్తారు, సమయం చూస్తారు. ఈ లెక్కలు రాసే పుస్తకంలో మరో రెండు గడులు ఉండాలి. నెలసరి ఎప్పుడొచ్చిందో ఒకటి, ఎక్కడ నొప్పిగా ఉందో ఇంకొకటి. అవి నింపేది ఆ అమ్మాయే అయి ఉండాలి, చదివేది ఆమె నమ్మిన ఆడమనిషి అయి ఉండాలి.

దంతెవాడ గుడి ముందు గరుడ స్తంభాన్ని భక్తులు చేతులు చాచి కౌగిలించుకుంటారు. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే నదుల కూడలి, అమ్మ అందెలు దిగబడ్డ ఇసక. గుడికి వెళ్లే రోడ్డు మీద సాయంత్రం బడి వదిలాక నీలం, తెలుపు యూనిఫాం పిల్లలు బారులుగా సైకిళ్లు తొక్కుతూ పోతారు. వాళ్లలో ఒక పిల్ల పంక్చర్ దుకాణం దగ్గర ఆగుతుంది. మోకాళ్లు నొప్పెడుతున్నాయి అన్నా, అంటుంది. దుకాణం అతను ఆమెను సీటెక్కి కూర్చోమని, మడమ పెడల్ మీద ఆనించి కాలు కిందికి చాపమంటాడు. మోకాలు ఇంకా వంగే ఉంది. పానాతో బోల్టు వదులు చేసి, సీటు రెండంగుళాలు పైకి లాగి బిగిస్తాడు. ఇప్పుడు ఎలా ఉందమ్మా, అని అడుగుతాడు. ఆమె గుడి దాకా తొక్కి, తిరిగొచ్చి చెబుతానంటుంది. అతను పానా చేతిలోనే పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడతాడు.